ముందు మనుషులు, వెనక ఆఫీసు

ఏలూరులో ప్లీడరీ చేసి, మద్రాసు ప్రభుత్వంలో మంత్రి పదవి కూడా చూసిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1929లో దక్షిణాఫ్రికా వెళ్లారు. చుట్టపుచూపుగా కాదు, కొలువుకే. భారత ప్రభుత్వ ఏజెంటు అని ఆ పదవికి పేరు. 1927లో ఆ దేశంతో కేప్‌టౌన్ ఒప్పందం కుదిరినప్పుడు పుట్టిన పదవి అది. మొదట వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి చేశారు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది మన ఏలూరు ప్లీడరుగారు.

అప్పటికి మన దేశానికి స్వాతంత్ర్యం లేదు. యుద్ధమో సంధో లండన్ చెప్పాల్సిందే. అలాంటి దేశం సముద్రాల అవతల తనకంటూ ఒక ప్రతినిధిని ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందంటే, జవాబు అక్కడి నటాల్ చెరకు తోటల్లో దొరుకుతుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది. 1911లో ఆపేలోగా అలా ఓడల మీద ఓడలు లక్షన్నర మందికి పైగా కూలీలను దించాయి. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో ఎందరో. ఒప్పందం గడువు తీరినా చాలామంది వెనక్కి రాలేదు. అక్కడే కాయగూరలు పండించారు, చిల్లర కొట్లు పెట్టారు, పిల్లలకు పెళ్లిళ్లు చేశారు. ఆ తర్వాత స్థలం కొనకూడదనీ, ఫలానా వీధిలో వ్యాపారం చేయకూడదనీ చట్టాలు వచ్చిపడ్డాయి. వాళ్ల తరఫున మాట్లాడే మనిషి అక్కడ అడుగుపెట్టేసరికి మొదటి ఓడ వచ్చి 67 ఏళ్లయింది. నాయుడుగారు అక్కడ ఉన్న రోజుల్లోనే, 1931లో, డర్బన్ తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఆయన 1932లో తిరిగి వచ్చి, 1937లో కొన్ని నెలలు మద్రాసు ప్రధానమంత్రిగా చేశారు. మన పుస్తకాల్లో ఆ కొన్ని నెలలే కనిపిస్తాయి. దక్షిణాఫ్రికా కొలువు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

విదేశాల్లో మన రాయబార కార్యాలయాల కథ చెప్పేవాళ్లు మామూలుగా 1947 ఆగస్టు నుంచీ, నెహ్రూ నుంచీ ఎత్తుకుంటారు. నాకు మాత్రం ఆ కథ చెరకు తోటల్లో మొదలైందనే అనిపిస్తుంది. ఇవాళ్టి పటం చూసినా చాలాచోట్ల వరస అదే. మనుషులు ముందు పోతారు. ఎన్నో ఏళ్లకు వాళ్ల వెనక ఆఫీసు పోతుంది.

లండన్‌లో మాత్రం భవనానిదే పెద్దరికం. ఆల్డ్‌విచ్ దగ్గర ఇండియా హౌస్‌ను కట్టింది హెర్బర్ట్ బేకర్, న్యూఢిల్లీ సెక్రటేరియట్ కట్టిన ఆ బేకరే. 1930 జులైలో ఐదో జార్జి చక్రవర్తి చేతుల మీదుగా ప్రారంభమైంది. ఉప్పు సత్యాగ్రహంలో పట్టుబడిన గాంధీ ఆ రోజుకు ఎరవాడ జైల్లో ఉన్నారు. బయట గోడల మీద బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల చిహ్నాలు, లోపల ఎర్రరాయి, పాలరాయి. గుమ్మటం లోపలి బొమ్మలు వేయడానికి నలుగురు బెంగాలీ చిత్రకారులను ఇక్కడినుంచి పంపారు. పాలించేవాడు కట్టించిన ఆ మేడ 1947లో, సామాను కూడా మార్చకుండా, పాలితుల చేతికి వచ్చింది. మొదటి హైకమిషనర్ వి.కె. కృష్ణమీనన్. పెద్ద మేడ చేతిలో ఉన్నా ఆఫీసులోనే ఒక గదిలో ఉంటూ, భోజనం మానేసి టీలతో రోజులు నెట్టేవాడని చెబుతారు. కాశ్మీరు యుద్ధానికి జీపులు కొన్న వ్యవహారం మాత్రం ఆయన్ను చివరిదాకా వదల్లేదు.

లండన్ మాట వచ్చింది కాబట్టి హైదరాబాదు సంగతీ చెప్పాలి. నిజాం సంస్థానానికీ అక్కడ ఏజెంట్ జనరల్ ఉండేవాడు. 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య రోజుల్లోనే, వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని నిజాం సర్కారు సొమ్ము పది లక్షల పౌండ్లు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా పేరు మీదికి మారాయి. నా అనుమతి లేదు, తిరిగివ్వండని నిజాం అన్నాడు. అందరూ ఒప్పుకుంటే తప్ప ఇవ్వం అన్నది బ్యాంకు. ఆ తగవు 71 ఏళ్లు నడిచింది. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు భారత ప్రభుత్వం, నిజాం వారసుల పక్షాన తీర్పు చెప్పేనాటికి ఆ సొమ్ము వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లయింది. సంస్థానం పోయింది, దాని ఏజెంటు పోయాడు, ఖాతా మాత్రం నిక్షేపంగా ఉంది.

కొన్నిచోట్ల వరస తిరగబడింది కూడా. మాస్కోలో 1947 నాటికి మనవాళ్లు లేరు, ఉన్నదంతా రాజకీయమే. మొదట వెళ్లిన విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనమే దొరకలేదు. 1949లో వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు రెండుసార్లు దొరికింది. తిరుత్తణి తెలుగింటి పంతులుగారు ఒకపక్క ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవి వదులుకోకుండానే మరోపక్క మాస్కోలో రాయబారిగా ఉన్నారు. ఇవాళ ఎవరైనా అలా రెండు కొలువులు చేస్తామంటే విదేశాంగ శాఖ ఒప్పుకుంటుందా? జెండా పాతిన తర్వాత మనుషులు వచ్చారు. తెలుగులోకి రష్యన్ పుస్తకాలు తేవడానికి ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు వెళ్లి ఏళ్లతరబడి అక్కడే ఉన్నారు. ఆ తర్వాత మెడిసిన్ చదువుకోవడానికి మన పిల్లలు కట్టలు కట్టుకుని వెళ్లారు.

ఇప్పుడు మన దేశానికి విదేశాల్లో అటూఇటూగా 200 కార్యాలయాలు ఉన్నాయి. నడిపించే విదేశాంగ సర్వీసు అధికారులు వెయ్యి మంది చిల్లర. చైనా, అమెరికాలకు చెరో 270కి పైగా కార్యాలయాలు ఉన్నాయంటే మన బలగం ఎంత పల్చనో తెలుస్తుంది. కామన్వెల్త్ దేశంలో ఉంటే హైకమిషన్, కాకపోతే ఎంబసీ. రాజధాని బయట పెద్ద ఊళ్లలో ఉండేవి కాన్సులేట్లు. రాజకీయం మాట్లాడేది ఎంబసీ, జనం పనులు చూసేది ఎక్కువగా కాన్సులేట్. ఎంబసీ గేటు లోపల నేలంతా మన దేశమే అని సినిమాల్లో చెబుతుంటారు. అది నిజం కాదు. నేల ఆ దేశానిదే. కాకపోతే 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం అక్కడి పోలీసులు అనుమతి లేకుండా లోపలికి రాకూడదు, అంతే.

అన్ని దేశాల్లో ఆఫీసు పెట్టడం అయ్యే పని కాదు కాబట్టి ఒకే రాయబారికి పక్క దేశాలు కూడా అప్పగిస్తారు. ఫిజీ రాజధాని సువలో కూర్చున్న మన హైకమిషనరే టోంగా, తువాలు, నౌరు లాంటి దీవులనూ చూస్తారు. వాటికన్ వ్యవహారం ఇంకా తమాషా. ఇటలీకి పంపిన రాయబారినే తన దగ్గరికీ పంపితే పోప్ ఒప్పుకోరు. అందుకని రోములో మనకు ఎంబసీ ఉన్నా, వాటికన్ పని చూసేది స్విట్జర్లాండ్‌లోని మన రాయబారి. ఆఫ్రికాలో ఆఫీసుల లోటు చాలాకాలం కనిపించింది. 2018లో కేంద్రం అక్కడ ఒకేసారి 18 కొత్త కార్యాలయాలకు ఒప్పుకుంది. రువాండా రాజధాని కిగాలీలో మొదటిది తెరిచారు.

ఇదంతా కాగితాల మీది ఎంబసీ. తెలుగు పల్లెలకు తెలిసిన ఎంబసీ వేరు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో దుబాయ్ పోనివాడు లేని వాడకట్టు దొరకడం కష్టం. కోనసీమ నుంచి, కడప వైపు రాయచోటి, రాజంపేటల నుంచి ఇళ్లలో పనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు వేలమంది. పదో తరగతి దాటనివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. గల్ఫ్ సహా 18 దేశాల్లో కొలువుకు పోవాలంటే వాళ్లు ముందు ఇక్కడ ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఏజెంట్లకు అంత ఓపిక ఉండదు. విజిట్ వీసా మీద ఎక్కించి పంపేస్తారు. అక్కడ దిగాక పాస్‌పోర్టు కఫీల్, అంటే యజమాని, చేతికి పోతుంది. జీతం రాక, దెబ్బలకు తాళలేక పారిపోయినవాడు ఖల్లివెల్లి అయిపోతాడు. అకామా (నివాస అనుమతి) ఉండదు, ఊరికి పోదామంటే పాస్‌పోర్టు ఉండదు, పోలీసు కంటబడితే జైలు. ఏళ్ల తరబడి గదుల్లో దాక్కుని దొరికిన పని చేసుకుంటూ బతుకుతాడు.

ఈ మనిషికి ఎంబసీ అంటే ఒక కాగితం. దాన్ని ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అంటారు, గల్ఫ్‌లో మనవాళ్ల నోట అది ఔట్‌పాస్. ఒక్క ప్రయాణానికే పనికొస్తుంది, అదీ స్వదేశానికే. అక్కడి ప్రభుత్వాలు అప్పుడప్పుడూ క్షమాభిక్ష ప్రకటిస్తాయి. జరిమానా లేకుండా దేశం వదిలిపోవచ్చని గడువు పెడతాయి. 2018లో కువైట్, యూఏఈ ప్రకటించాయి, 2024లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా యూఏఈ మళ్లీ ప్రకటించింది. ఆ నెలల్లో మన కార్యాలయాల ముందు తెల్లవారకముందే వరసలు కడతారు. దరఖాస్తులు నింపడానికి తెలుగు సంఘాల కుర్రాళ్లు సెలవు రోజు వచ్చి కూర్చుంటారు. ఎందుకంటే వచ్చినవాడికి తన పాస్‌పోర్టు నంబరు తెలియదు, ఎప్పుడు వచ్చాడో ఏ విమానాశ్రయంలో దిగాడో సరిగ్గా చెప్పలేడు. ఇతను భారతీయుడే అని ముందు తేల్చాలి. ఇంటి దగ్గర్నుంచి వాట్సాప్‌లో వచ్చిన రేషన్ కార్డు ఫోటో అక్కడ చాలా విలువైన పత్రం.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల కష్టం ఇంకో రకం. వాళ్లకు సెలవు రోజు ఉండదు, తలుపు దాటి బయటికి రావడమే పెద్ద సాహసం. అలా పారిపోయి వచ్చినవాళ్లు ఉండడానికి కువైట్ ఎంబసీ ఆశ్రయం నడుపుతుంది. కేసు తేలేదాకా అక్కడే వంట, అక్కడే పడక. 2009లో పెట్టిన భారత సమాజ సంక్షేమ నిధి నుంచి వీళ్ల బసకూ విమానం టికెట్లకూ ఖర్చు పెడతారు. నిధికి డబ్బు మనదే. విదేశాల్లో పాస్‌పోర్టు కోసమో మరో కాగితం కోసమో కౌంటరు దగ్గరికి వెళ్లిన ప్రతి మనిషీ ఫీజుతోపాటు అందులో కాస్త వేసి వస్తాడు. రసీదు ఎవరు చూసుకుంటారు గనక?

ఆ నిధి చేసే పనుల్లో బరువైనది శవపేటికను ఇంటికి పంపడం. ఆసుపత్రి మరణపత్రం, పోలీసుల నిరభ్యంతరం, కఫీల్ సంతకం, ఇంటివాళ్లు నోటరీ చేయించి పంపిన అధికారపత్రం కావాలి. అన్నీ కలిశాక మన కార్యాలయం మరణం నమోదు చేసి, చనిపోయినవాడి పాస్‌పోర్టు రద్దు చేసి, పంపడానికి అనుమతి ఇస్తుంది. యజమాని ఒప్పుకుని అన్నీ సవ్యంగా ఉంటే కొద్ది రోజుల పని. ప్రమాదమో ఆత్మహత్యో అయితే, కఫీల్ ముఖం చాటేస్తే, నెలలు పడుతుంది. ఈ కాగితాల వెంట తిరిగేది ఎక్కువగా అక్కడ పనిచేసుకుంటున్న మన ఊరివాళ్లే. ఎంబసీ బాగా పనిచేసిందా లేదా అన్నది రాయబారి ఉపన్యాసాన్ని బట్టి కాక ఈ అనుమతి ఎన్ని రోజుల్లో వచ్చిందన్నదాన్ని బట్టి చూడాలని నా లెక్క. 2015లో వచ్చిన మదద్ పోర్టల్‌తో ఫిర్యాదు ఎక్కడుందో ఇంటినుంచే చూసుకునే వీలు కలిగింది. మాట్లాడే మనిషి దొరకడం మాత్రం ఇప్పటికీ అదృష్టమే.

పనివాళ్లను ఒకరొకరుగా పంపడం ఒక ఎత్తు. ఊరంతా ఒక్కసారి కదలాల్సి రావడం మరో ఎత్తు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. దినార్లు ఉన్నట్టుండి చిత్తు కాగితాలయ్యాయి. ఎంబసీలన్నీ ఆగస్టు 24లోగా మూసేయాలని సద్దాం ఆజ్ఞ. మన ఎంబసీ సరిహద్దు దాటి ఇరాక్‌లోని బస్రాకు మారింది. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ దాకా ఎడారి దారి పట్టి బస్సులు నడిచాయి. అమ్మాన్ నుంచి ఎయిరిండియా 488 విమానాలు తిప్పింది. మొత్తం మీద 1.7 లక్షల మంది దేశం చేరారు. తర్వాత పాతికేళ్లకు ఎయిర్‌లిఫ్ట్ అని హిందీ సినిమా వచ్చింది. అందులో పనంతా ఒక వ్యాపారి చేస్తాడు, అధికారులు ఫైళ్ల వెనక నిద్రపోతుంటారు. విదేశాంగ శాఖవాళ్లు నొచ్చుకున్నారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. అయితే ఆ ఎడారి దారిలో మనుషులను లెక్కపెట్టి బస్సులెక్కించిన ప్రవాస భారతీయుల కమిటీల పేర్లు సినిమాలోనూ లేవు, శాఖ వివరణలోనూ లేవు.

ఉక్రెయిన్‌లో 2022లో ఇదే కథ చలిలో జరిగింది. అప్పటికి అక్కడ చదువుతున్న మన పిల్లలు ఇరవై వేల పైమాటే, తెలుగు పిల్లలు వారిలో చాలామంది. ఎంబసీలో ఉండే సిబ్బంది పదుల సంఖ్య. మార్చి 2న ఖార్కివ్‌లో ఉన్నవాళ్లు వెంటనే, బండి దొరక్కపోతే నడిచైనా, ఊరు వదిలి పిసోచిన్ లాంటి చోట్లకు చేరాలని ఎంబసీ ప్రకటించింది. హైదరాబాద్‌లో, విజయవాడలో టీవీల ముందు కూర్చున్న తల్లిదండ్రులకు ఆ ప్రకటన ఎలా ఉండిఉంటుందో ఊహించడం కష్టం కాదు. తిట్టారు. మార్చి 13న ఎంబసీ తానే పోలెండ్‌లోని వార్సాకు మారింది, మే నెలలో తిరిగి కీవ్ చేరింది. ఈలోగా 22,500 మంది వెనక్కి వచ్చారు. యుద్ధం వస్తుందని ముందే హెచ్చరించలేదా అంటే హెచ్చరించారు. గట్టిగా చెప్పలేదన్నది పిల్లల మాట. పరీక్షలు మానుకుని రమ్మంటే వాళ్లు వినేవారా అన్నది అధికారుల మాట. రెంటిలోనూ నిజముంది.

ఎంబసీల్లో పనిచేసేవాళ్లకు ఏ ఆపదా రాదని కాదు. 2008 జులై 7న కాబూల్‌లో మన ఎంబసీ గేటు దగ్గర కారు బాంబు పేలింది. 58 మంది చనిపోయారు. లోపలికి వస్తున్న కారులో ఉన్న బ్రిగేడియర్ ఆర్.డి. మెహతా, విదేశాంగ సర్వీసు అధికారి వి. వెంకటేశ్వరరావు వారిలో ఉన్నారు. ఇద్దరికీ మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చారు. పోయినవాళ్లలో ఎక్కువమంది మాత్రం ఆఫ్ఘన్లే. వీసా కోసం పొద్దున్నే వచ్చి వరసలో నిల్చున్నవాళ్లు, ఆ దారిన పోతున్నవాళ్లు. 2021 ఆగస్టులో తాలిబన్లు రాగానే మనవాళ్లు ఖాళీ చేసి వచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో చిన్న బృందంతో తలుపు మళ్లీ తీశారు. 2025 అక్టోబరులో దానికి తిరిగి ఎంబసీ హోదా ఇచ్చారు.

మూతపడి మళ్లీ తెరుచుకోనివీ, చాలాకాలానికి తెరుచుకున్నవీ ఉన్నాయి. లాసాలో మనకు కాన్సులేట్ ఉండేది, 1962 యుద్ధంతో పోయింది. కరాచీ కాన్సులేట్ 1994 చివర్లో మూసేశారు. ఇస్లామాబాద్ హైకమిషన్‌లో ఒకప్పుడు 110 మంది ఉండేవారు, 2020లో 55కి, 2025లో 30కి తగ్గారు. దక్షిణాఫ్రికా నుంచి 1946లోనే మన హైకమిషనర్‌ను వెనక్కి పిలిచారు, స్వాతంత్ర్యం కూడా రాకముందే. తిరిగి సంబంధాలు కలిసింది 1993లో. ఇంతకాలం డర్బన్ తెలుగువాళ్లు హైకమిషనర్ లేకుండానే బతికారు. ఉగాదులు చేసుకున్నారు, మనవలకు అక్షరాలు దిద్దించారు. రంగూన్‌లో అలా కుదరలేదు. బర్మా సైనిక పాలకుడు నె విన్ 1964లో కొట్లు, వ్యాపారాలు జాతీయం చేశాక లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు ఎందుకుందో ఆ పేటవాళ్లను అడిగితే చెబుతారు.

అమెరికా పటం చూస్తే నటాల్ వరస మళ్లీ కనిపిస్తుంది. హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో చేరింది 1992లో. ఆ కంపెనీకి దగ్గర్లో ఉన్న సియాటిల్‌కు భారత కాన్సులేట్ వచ్చింది 2023 నవంబరులో. ఈలోగా అక్కడ ఆయన ఒక ఉద్యోగి నుంచి కంపెనీ పెద్ద అయ్యాడు, ఆయన వెనక వేల తెలుగు కుటుంబాలు వచ్చి ఇళ్లు కొనుక్కున్నాయి. పాస్‌పోర్టు పనికి మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కో కాన్సులేట్ కిందే ఉండేవారు. టెక్సస్‌లో డల్లాస్ చుట్టుపక్కల ఎన్ని తెలుగు గడపలున్నా కాన్సులేట్ హ్యూస్టన్‌లోనే ఉంది. లాస్ ఏంజెలిస్, బోస్టన్‌లలో కొత్తవి తెరుస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు.

కాన్సులేట్ లేని ఊళ్లలో సిబ్బందే పెట్టెలు సర్దుకుని వస్తారు. శని, ఆదివారాల్లో ఏదో గుడి హాల్లోనో, సంఘం భవనంలోనో క్యాంపు పెడతారు. ముందు వరసలో కుర్చీలన్నీ పెద్దవాళ్లవే. కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉంటున్న రిటైరైన టీచర్లు, తహసీల్దార్లు, బ్యాంకు మేనేజర్లు. ఊళ్లో పెన్షన్ ఆగకుండా ఉండాలంటే ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ పంపాలి. అధికారి పాస్‌పోర్టులో ఫోటో చూస్తాడు, ఎదురుగా ఉన్న ముఖం చూస్తాడు, ఈయన బతికే ఉన్నారని రాసి ముద్ర వేస్తాడు. ఫీజు లేదు. పని అయిపోయాక కూడా పెద్దాయన కుర్చీలోంచి లేవడు. ఆ అధికారిది ఏ ఊరో, ఏ బ్యాచో, తెలుగు వచ్చో రాదో కనుక్కోవాలి కదా.